పన్నెండు పాయింట్లు

అచ్చుకూటంలో 'పాయింటు' అనే మాటకు ఒక కొలత ఉంది. 72 పాయింట్లు కలిస్తే దాదాపు ఒక అంగుళం. 12 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరోవంతు ఎత్తున్న దిమ్మ మీద పోతపోసిన అక్షరమని ఏ కంపోజిటరునడిగినా చెబుతాడు. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన ఆ అక్షరాన్ని అరచేతిలో పెట్టుకుంటే చిన్నదే అయినా బరువు తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాలలోనూ పాయింటు అనే మాట ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో ప్రకటించిన నిబంధనల పట్టిక చూడండి. అంతర్జాతీయ ప్రచురణకర్త పుస్తకం వేస్తే అధ్యాపకుల ఖాతాలో 12 పాయింట్లు జమ. జాతీయ ప్రచురణకర్త అయితే 10. గుర్తింపు పొందిన పత్రికలో వ్యాసం వస్తే భాషా, మానవీయ శాస్త్రాల వారికి 10. సంకలన గ్రంథంలో ఒక అధ్యాయానికి 5. ఈ పాయింట్లను అరచేతిలో పెట్టుకోవడం సాధ్యం కాదు. పెట్టుకోగలిగినా వాటి బరువు తెలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఈ రెండు రకాల పాయింట్లూ ఒకే చోట ఎదురుపడితే ఏమవుతుందో చూసే భాగ్యం నాకు కలిగింది. ఆ కథే ఇది.

పాలమూరు ప్రాంతంలోని ఒక కళాశాలలో తెలంగాణ ముద్రణ చరిత్ర మీద రెండు రోజుల జాతీయ సదస్సు జరిగింది. కళాశాల పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఏ కళాశాల పేరు పెట్టినా ఈ కథ మక్కికి మక్కి సరిపోతుంది. నాకూ ఆహ్వానం వచ్చింది. నల్లగొండలో నాకు తెలిసిన ఒక పెద్దయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన నలభై ఏళ్ళు కంపోజిటరుగా పనిచేసిన మనిషి. పెళ్ళిపత్రికలు, సినిమా కరపత్రాలు, ఎన్నికల వాల్‌పోస్టర్లు, శతకాలు, సంఘాల తీర్మానాలు అన్నీ ఆయన వేళ్ళ మీదుగానే ఊళ్ళోకి వెళ్ళాయి. ముద్రణ చరిత్ర మీద సదస్సు అంటే ఆయన సంతోషపడ్డారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

ద్వారం దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీద 'ముద్రణ' అన్న మాటలో ణకారం నకారమై ఉంది. పెద్దయ్య ఒక నిమిషం ఆగి చూసి, "ప్రూఫు చూడలేదు సారూ" అన్నారు. అంతే. ఆ రెండు రోజుల సదస్సుకు అంతకన్నా మంచి సమీక్ష ఎవరూ రాయలేరని తరువాత తెలిసింది.

పదిన్నరకు మొదలు కావలసిన ప్రారంభ సభ పన్నెండుంబావుకు మొదలైంది. జ్యోతి వెలిగించారు. శాలువాలు కప్పారు. ముద్రణ వల్ల జ్ఞానం వ్యాపించిందని ఒక వక్త, జ్ఞానం వ్యాపించడానికి ముద్రణ తోడ్పడిందని మరొక వక్త నొక్కి చెప్పారు. భోజనాల తరువాత నాలుగు గదులలో సమాంతర సమావేశాలు. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. ఐదో నిమిషంలో గంట. గంట మోగగానే ప్రతి పరిశోధకుడూ "సమయాభావం వల్ల ముగింపు చదువుతున్నాను" అని ముగింపు చదివాడు. వ్యాసంలో ముగింపు తప్ప వేరే ఏమైనా ఉందా అన్న అనుమానం నివృత్తి కాలేదు.

ఐదుగురు గోలకొండ పత్రిక మీద వ్యాసాలు చదివారు. 1926 మే 10న ఆ పత్రిక వెలువడిందని ఐదుగురూ చెప్పారు. అది నిజమే. తరువాతి వాక్యం కూడా ఐదుగురిదీ ఒకటే. దాని తరువాతి వాక్యం కూడా. ఐదుగురూ ఒకే సిద్ధాంత గ్రంథం దగ్గర నీళ్ళు తాగి వచ్చారని అర్థమైంది. ఆ పత్రిక ఒక్క సంచిక అయినా చేతబట్టి చూశారా అని నేనడిగితే, "డిజిటల్ కాపీ ఉందని విన్నాం" అన్నారు. 2018లోనే గ్రంథచౌర్యం మీద నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నూటికి పది పాళ్ళ వరకు పోలిక ఉన్నా శిక్ష లేదు. ఆ పది పాళ్ళ మాట ఒక మిత్రుడి దగ్గర ఎత్తితే, ఆయన నవ్వి, "అచ్చు అంటేనే నకలు కదండీ. ముద్రణ చరిత్ర మీద పరిశోధన చేసేవాడు నకలు కొట్టకపోతే విషయానికి ద్రోహం చేసినట్టే" అన్నారు. కాదనడానికి నాకు తర్కం దొరకలేదు.

ఇంకొక వ్యాసంలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర కాకతీయుల శాసనాలున్నాయని విన్నాను. 1195 నాటి రుద్రదేవుని శాసనం, 1208 నాటి గణపతిదేవుని శాసనం అని సంవత్సరాలతో సహా చెప్పారు. సంవత్సరాలు సరైనవే. పిల్లలమర్రి మాత్రం వేరు. శాసనాలూ రేచర్ల వారి ఆలయాలూ ఉన్న పిల్లలమర్రి నాటి నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట దగ్గర ఉన్న ఊరు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలు దిగిన మహావృక్షం. దాని పక్కన ప్రదర్శనశాల కూడా ఉండడంతో పొరపాటుకు కాస్త నీడ దొరికింది. విచిత్రమేమిటంటే, మరునాడు ఇంకొక గదిలో ఇంకొకరు అదే మాట చెప్పారు, ఈసారి ముందటి రోజు వ్యాసాన్నే ప్రమాణంగా చూపించి. గొర్రెదాటు అనే మాట విన్నాం. ఒక మర్రిచెట్టు ఒక జిల్లా దాటి వెళ్ళి ఒక ఊరి శాసనాలను ఊడలతో లాక్కోవడం మాత్రం అక్కడే చూశాను.

అసలు ఘట్టం రెండో రోజు మధ్యాహ్నం జరిగింది. ఒక యువ పరిశోధకురాలు తెర మీద ఒక ఛాయాచిత్రం చూపించింది. మూతబడిన ఒక పాత అచ్చుకూటంలో దొరికిన ఇనుప చట్రం. అందులో మసిబారిన సీసపు అక్షరాల వరుసలు. "ఈ లిపిని ఇంతవరకు ఎవరూ పరిష్కరించలేదు. ఇది ఉద్యమకాలంలో రహస్యంగా వాడిన సంకేత లిపి కావచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది" అని చదివింది. అధ్యక్షులవారు తల పంకించారు. ప్రతినిధులు రాసుకున్నారు.

చివరి వరుసలోంచి పెద్దయ్య లేచారు. కళ్ళజోడు సవరించుకుని, తెర వైపు చూస్తూ, మనం దినపత్రిక చదివినంత తేలికగా చదివారు: "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. గిది రహస్యం గాదు సారూ, లగ్గం పత్రిక. అక్షరం ఎడమ కుడి మారి ఉంటది. తలకిందులు చేసి సదవాలె."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అధ్యక్షులవారు అనుభవజ్ఞులు కనుక వెంటనే తేరుకున్నారు. "ఇది ఒక ప్రత్యామ్నాయ పాఠం. చర్చలో నమోదు చేద్దాం. మీ పేరు, హోదా, సంస్థ చెప్పండి" అన్నారు. పెద్దయ్య పేరు చెప్పారు. హోదా అన్న దగ్గర ఆగిపోయారు. నమోదు పుస్తకంలో హోదా గడి ఖాళీగా ఉంచడానికి వీల్లేదట. అందుచేత ఆయనకు ధ్రువపత్రం రాలేదు. నాకు వచ్చింది. నేను రెండు రోజులలో చేసిన పని రెండు పూటలా భోజనం చేయడమే.

చదువరులు నవ్వుకోవడానికి ఇంతవరకు చెప్పాను. ఇక నవ్వురాని సంగతులు చెబుతాను.

దక్షిణ తెలంగాణ ఎగువ నేలలో ముద్రణ చరిత్ర గొర్రెదాటుగా రాలేదు. 1922లో షబ్నవీసు వేంకట రామనరసింహారావు గారు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపారు. అదే సంవత్సరం ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చారు. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు అక్షరం పేర్చడమే ఒక వాదన. ఉర్దూకు రాతి అచ్చు ఉండేది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఆ పద్ధతిలో జిడ్డుకూ నీటికీ ఉన్న వైరమే ఆధారం. కాతిబు అందమైన చేతిరాతతో జిడ్డు సిరాతో రాసిస్తే, ఆ రాత రాతి మీదికెక్కి, రాతి మీది నుంచి కాగితం మీదికి దిగేది. తెలుగుకు మాత్రం సీసపు అక్షరాలు కావాలి. గుణింతాలకు వేరు, వత్తులకు వేరు, సంయుక్తాలకు వేరుగా గళ్ళు కావాలి. ఇంగ్లీషు కేసు ముందు నిలబడినవాడి చెయ్యి కదలవలసిన దూరం కన్నా తెలుగు కేసు ముందు నిలబడినవాడి చెయ్యి కదలవలసిన దూరం ఎక్కువ. పత్రికల చరిత్రలో సంపాదకీయాలను లెక్కపెట్టినవారు ఉన్నారు. ఆ చెయ్యి కదిలిన దూరాన్ని లెక్కపెట్టినవారు నాకు కనబడలేదు.

గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు ఈ పాలమూరు బిడ్డే. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఎవరో ఒక మాటంటే, ఆయన ఖండన వ్యాసంతో సరిపెట్టుకోలేదు. ఊరూరికి ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి ముందు పెట్టారు. సిద్ధాంతం ముందా, ఆధారం ముందా అన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

ఈ నేలకు ఇంకొక అచ్చు ఉంది. దానిని ముద్రణ చరిత్రలో ఎవరూ కలపరు. పానగల్లులో, అలంపురంలో, కొలనుపాకలో, వాడపల్లిలో రాళ్ళ మీద ఉన్న శాసనాలకు అచ్చు తీయడం. రాయిని శుభ్రంగా కడగాలి. తడికాగితం పరచాలి. గట్టి కుంచెతో కాగితం చెక్కడాల లోపలికి దిగేదాకా కొట్టాలి. కాస్త ఆరాక సిరా బుట్టతో పైన అద్దాలి. ఉబ్బిన నేల నల్లబడుతుంది, దిగిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. సీసపు అక్షరంలాగా ఇందులో ఎడమ కుడి మారదు. రాయి మీద ఎలా ఉందో కాగితం మీద అలాగే వస్తుంది. నడివేసవిలో బండ మీద కూర్చుని ఈ పని చేసినవారున్నారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాల మొదటి సంపుటం తెచ్చింది. అలంపురంలో స్థిరపడిన గడియారం రామకృష్ణ శర్మ గారు రెండవ సంపుటాన్ని సమకూర్చారు. బి.ఎన్. శాస్త్రి గారు ఊళ్ళు తిరిగి శాసనాలు సేకరించి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్వస్వాలు రాశారు. వారి పుస్తకాలతో విభేదించవచ్చు. వారి చేతులకు మసి అంటలేదని మాత్రం అనలేం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 2018 నాటి పట్టిక ప్రకారం జాతీయ ప్రచురణకర్త వేసిన గ్రంథానికి సంపాదకత్వం వహిస్తే 8 పాయింట్లు. గోలకొండ కవుల సంచికను ఆ పట్టిక ముందు పెట్టండి. 354 మంది కవులు, 8 పాయింట్లు. అదీ ప్రచురణకర్త జాతీయ స్థాయివాడని సంఘం వారు ఒప్పుకుంటేనే. సొంత పత్రిక తరఫున అచ్చువేసుకున్నారు కనుక ఒప్పుకోరు. అప్పుడు సున్న. అదే సురవరం వారి మీద ఇతరుల పుస్తకాల నుంచి పది పుటలు కూర్చి గుర్తింపు పొందిన పత్రికకు పంపిస్తే 10. ఆ గుర్తింపు పత్రికల జాబితా అయిన 'కేర్'ను కూడా 2025 ఫిబ్రవరిలో నిధుల సంఘమే ఎత్తివేసింది. జాబితా పోయింది, దానికోసం రాసిన వ్యాసాలు మిగిలాయి. పండుగ అయిపోయాక వీధిలో మిగిలిన ఫ్లెక్సీల వంటివి అవి.

అధ్యాపకులనందరినీ ఒకే గాటన కట్టి తిట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది ఏళ్ళ తరబడి ఒప్పంద ఉద్యోగాలలో ఉన్నవారు. పాయింటు లేకపోతే ఇంటర్వ్యూ లేదు, ఇంటర్వ్యూ లేకపోతే జీతం లేదు. అచ్చోసి వదిలిన ఆంబోతులు వేరే ఉన్నారు. వారు ఈ సదస్సులకు ముఖ్య అతిథులుగా వచ్చి, ప్రారంభ సభ కాగానే కారెక్కి వెళ్ళిపోతారు. ఆరు నిమిషాల కోసం రాత్రి బస్సులో వచ్చి, నమోదు రుసుము కట్టి, కింద కూర్చుని వ్యాసం దిద్దుకునేవారిని చూసి నవ్వలేం. పట్టిక ఏది కొలిస్తే మనిషి అదే పండిస్తాడు. వ్యాసాల సంఖ్యను కొలిస్తే వ్యాసాలే పండుతాయి.

నేను మాత్రం వేరుగా ఉన్నానా? లేను. పదిహేనేళ్ళ క్రితం నేనూ గోలకొండ పత్రిక మీద ఒక వ్యాసం రాశాను. ఒక్క సంచిక కూడా చూడకుండా, ఇద్దరు పెద్దల పుస్తకాలు ముందు పెట్టుకుని రాశాను. దాన్ని మెచ్చుకుంటూ ముగ్గురు ఉత్తరాలు రాశారు. వారూ సంచిక చూసినవారు కారు. ఆ వ్యాసంలో ఒక తేదీ తప్పు. ఆ తప్పును నేను ఇప్పటికి రెండు సిద్ధాంత గ్రంథాలలో చూశాను. అచ్చుతప్పుకు ప్రూఫు దగ్గర విరుగుడు ఉంది. చూడకుండా రాసిన తప్పుకు ఎక్కడా లేదు.

సదస్సు ముగిశాక ఆ యువ పరిశోధకురాలు మా దగ్గరికి వచ్చింది. నామోషీతో ముఖం ఎర్రబడి ఉంది. పెద్దయ్య వైపు తిరిగి, "తాతా, అది చదవడం నాకు నేర్పుతారా?" అంది. ఆ రెండు రోజులలో నేను విన్న ఒకే ఒక్క పరిశోధన ప్రశ్న అది.

తరువాతి ఆదివారం ఆమె నల్లగొండ వచ్చింది. నేనూ వెళ్ళాను. పెద్దయ్య ఇంట్లో ఇప్పుడు అచ్చుయంత్రం లేదు. ఆఫ్‌సెట్టు వచ్చాక గిరాకీ పోయి, ట్రెడిల్‌ను ఇనుము ధరకు, అక్షరాలను సీసం ధరకు తూకం వేసి అమ్మేశారు. ఒక్క కేసు మాత్రం మంచం కింద ఉంచుకున్నారు. ఎందుకుంచుకున్నారని అడిగితే జవాబు చెప్పలేదు. దాన్ని బయటికి లాగి, దుమ్ము తుడిచి, ఆమె ఎడమ చేతిలో కంపోజింగ్ స్టిక్కు పెట్టారు. "ముందల ఏ గడిల ఏ అక్షరం ఉందో వేళ్ళకు తెల్వాలె బిడ్డా, కండ్లకు తర్వాత" అన్నారు.

నాలుగు పంక్తులు పేర్చడానికి ఆమెకు మధ్యాహ్నమంతా పట్టింది. మూడుసార్లు వరుస జారి చెల్లాచెదురైంది. సాయంత్రం అక్షరాలకు సిరా పూసి, కాగితం పరచి, చెంచా వీపుతో రుద్దారు. కాగితం లేపితే అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. ఒక వత్తు తలకిందులుగా పడింది. పెద్దయ్య దాని పక్కన పెన్సిలుతో గీత గీసి, "ప్రూఫు చూస్తే చాలు, సదువు వస్తది" అన్నారు. ఆ కాగితానికి ఎన్ని పాయింట్లు వస్తాయని తన పర్యవేక్షకుణ్ణి అడిగిందట. ఏ గడిలోనూ పట్టదన్నారట. ఆమె మాత్రం వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది. తన సంకేత లిపి వ్యాసాన్ని ప్రచురణకు ఇవ్వకుండా వెనక్కి తీసుకుందని తరువాత విన్నాను. ఆమె పరిశోధన ఆ రోజు నుంచే మొదలైందని నేననుకుంటున్నాను.

నా సూచనలు పెద్దవేమీ కావు. ముద్రణ చరిత్ర మీద పట్టం కోరేవారు ఒక్క పుట అయినా చేత్తో పేర్చి, అచ్చు తీసి, తప్పులు దిద్ది, ఆ మూడు కాగితాలూ సిద్ధాంత గ్రంథం చివర కుట్టాలి. శాసనాల మీద రాసేవారు పురావస్తు శాఖ వారి అనుమతితో, తెలిసినవారి పక్కన కూర్చుని, ఒక్క రాయికైనా అచ్చు తీయడం చూడాలి. పాత సామాను కింద ట్రెడిల్‌ను వేలం వేసే ముందు ప్రతి కళాశాలా ఒక్కటి, ఒక కేసు అక్షరాలతో సహా, ఉంచుకోవాలి. జిల్లాలో మిగిలిన కంపోజిటర్ల మాటలు వారు ఉండగానే రికార్డు చేయాలి. వారికి హోదా గడిలో 'కంపోజిటరు' అని రాస్తే సరిపోతుంది. అంతకన్నా పెద్ద హోదా ముద్రణ చరిత్ర సదస్సులో ఉండనవసరం లేదు. పాయింట్లు ఇవ్వక తప్పదంటే, పాత తప్పును ఆధారంతో దిద్దినవారికి ఇవ్వండి. అప్పుడు పిల్లలమర్రి శాసనాలు సూర్యాపేటకు క్షేమంగా తిరిగి వెళ్తాయి.

2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. సంతోషించవలసిన విషయం. బి.ఎ., బి.ఎల్. చదివిన ఆ మహానుభావుడు ఈనాడు తన పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలోనే సహాయాచార్య పదవికి దరఖాస్తు పెట్టుకుంటే, మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు. ద్వారం మీద పేరుంటుంది, జాబితాలో పేరుండదు.

పెద్దయ్య ఉంచుకున్న ఆ కేసులో అక్షరాలు 12 పాయింట్లవి. ఆయనకున్న పాయింట్లు అవే.